రాగిజావ మంచిదే, ఎంత తాగుతున్నారు?

షుగర్ రోగులకు తిండి గురించి ఏమీ తెలియదని మా డాక్టర్లలో చాలామంది నమ్మకం. ఓపీలో వినపడేది వేరు. స్వీట్లు మానేశామంటారు, రాత్రిళ్లు అన్నం బదులు చపాతీలంటారు, పొద్దున్నే రాగిజావ అంటారు. అయినా మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9 దిగదు. ఎన్ని చపాతీలని అడిగితే నాలుగో ఐదో అని జవాబు; జావేమో పెద్ద స్టీలు గ్లాసు నిండా. బియ్యంలోలాగే గోధుమల్లోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. రాగుల్లో క్యాల్షియం పుష్కలం, కాదనను. కానీ మెత్తగా పట్టించి జావ కాస్తే ఇట్టే అరిగి, రక్తంలో చక్కెర గబగబా పెరుగుతుంది. వీళ్లకు లేనిది శ్రద్ధ కాదు, లెక్క. తిండిని మంచిదీ చెడ్డదీ అని విడదీసి నేర్పింది మేమే, ఆస్పత్రి గోడల మీది పోస్టర్లతో సహా. మంచిదన్నాక ఎంత తింటే ఏమని వాళ్లు అనుకుంటే తప్పెవరిది?

ఈ లెక్క ఇంటి దగ్గరే అడగొచ్చు. కానీ షుగర్, బీపీ లాంటి జబ్బుల ముప్పు అంచనాకు ముప్పై దాటినవారి ఇళ్లకు వెళ్లి ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ ఫారంలో మార్కులు వేసే ప్రశ్నలు వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వ్యాయామం, కుటుంబంలో జబ్బుల గురించి. తిండి ఊసే లేదు. అడగనిదాని మీద సలహా మాత్రం చెప్పాలి! ఆమెకు శిక్షణలో నేర్పాల్సింది పోషకాల పట్టిక కాదు, అడిగే తీరు. “ఉప్పు తగ్గించు పెద్దమ్మా” అంటే పెద్దమ్మ తలూపుతుంది, అంతే. “నెలకు ఉప్పు ఎన్ని ప్యాకెట్లు పడుతుంది పెద్దమ్మా, తినేవాళ్లు ఎందరు?” అంటే సంగతి తేలుతుంది. నలుగురికి నెలకు కిలో అంటే మనిషికి రోజుకు 8 గ్రాముల పైమాటే. కొంత వృథా పోయిందనుకున్నా, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన 5 గ్రాముల హద్దు దాటినట్టే. ఆవకాయలో పోసిన ఉప్పు వేరే లెక్క.

ఆశాలకు ఇప్పటికే తలకు మించిన పని అంటారు. నిజమే, కానీ ఈ రెండు ప్రశ్నలకు పట్టే సమయం ఉపన్యాసం కన్నా తక్కువ. అది డైటీషియన్ పని అనేవాళ్లు పల్లెలో ఆ డైటీషియన్‌ను చూపించాలి. బరువైన అభ్యంతరం పేదరికం. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రేషన్ బియ్యంతో నెల గడిచే కూలి ఇంట్లో మిగతా 55 శాతం ఎక్కణ్ణుంచి వస్తుంది? పప్పు కొనలేని ఇంట్లో పప్పు తినమని చెప్పకుండా ఉండటమూ శిక్షణలో భాగమే. అక్కడ ఖర్చులేని మార్పుతో, ఉప్పుతోనో జావ గ్లాసుతోనో, మొదలుపెట్టాలి. ‘కొనలేరు’ అని రాసి పైకి పంపడానికి ఫారంలో ఒక గడి కావాలి. సీబ్యాక్‌లో అదీ లేదు.