ఈ ఫైలు ఎవరి చేతిలో ఉంది?

పెన్‌డ్రైవ్ తీయబోతే 'ఇంకా వాడుకలో ఉంది, ఇప్పుడు తీయకండి' అని కంప్యూటర్ అడ్డుపడటం అందరికీ అనుభవమే. అన్నీ మూసేశాం కదా, ఇంకెవరు వాడుతున్నారు అని విసుక్కుని చాలామంది లాగేస్తారు. ఎవరు వాడుతున్నారో కంప్యూటర్‌నే అడగొచ్చట, పేరుతో సహా చెబుతుందట. బీఏ తెలుగు చదివిన నాకు ఈ సంగతులతో పని పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. మా నాన్న రాసిన పుస్తకం కోసం తెలుసుకోవాల్సి వచ్చింది.

నాన్న టీచరుగా రిటైరయ్యాక అమలాపురంలో ఇంటిపట్టున ఉంటూ మా ఊరి సంగతులు రాయడం మొదలుపెట్టారు. ఏ కాలవ గట్టున ఎవరి కొబ్బరితోట ఉండేది, 1996 నవంబరు తుఫానులో ఎవరింట్లో ఎంతమంది తలదాచుకున్నారు, ఏ ఇంటిపేరువాళ్లు ఎక్కణ్ణించి వచ్చారు, ఇలాంటివి. మావాడు బీటెక్‌లో చేరిన కొత్తలో తాతయ్య పాత లాప్‌టాప్‌లో ఉబుంటు వేసి, లిబ్రే ఆఫీస్‌లో తెలుగు టైపింగ్ నేర్పాడు. ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది. కరెంటు ఉంటేనే నడుస్తుంది. అందుకని నాన్న ఫైలు మొత్తం పెన్‌డ్రైవ్‌లోనే ఉంచుకునేవారు.

కిందటి వేసవిలో ఒక సాయంత్రం ఆయన రాస్తుండగా కరెంటు పోయింది. ఆ రాత్రే ఆయాసం ఎక్కువైందని ఆసుపత్రికి తీసుకెళ్లారు. మళ్లీ ఇంటికి రాలేదు.

సంవత్సరీకం నాటికి ఆ పుస్తకం అచ్చు వేయించాలని తమ్ముడూ నేనూ అనుకున్నాం. పెన్‌డ్రైవ్ హైదరాబాదు తెచ్చి మావాడి లాప్‌టాప్‌కి పెట్టాం. ఫైలు నొక్కగానే తెర మీద ఒక పెట్టె వచ్చింది. ఈ పత్రాన్ని ఫలానా వారు దిద్దుతున్నారు కాబట్టి తాళం వేసి ఉందని, చదవడానికి మాత్రమే తెరుస్తారా, నకలు తెరుస్తారా అని అడిగింది. ఆ ఫలానా వారి చోట నాన్న పూర్తి పేరు. పక్కన ఆ రోజు తేదీ, సాయంత్రం ఏడూ నలభై.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత తమ్ముడు, "అక్కా, నకలు తెరిచి పని కానిద్దాం" అన్నాడు. మావాడు మాత్రం, "ఆగు మావయ్యా, నిజంగా ఇంకెక్కడైనా తెరిచి ఉందేమో చూడాలి. రెండు చోట్ల రెండు రకాలుగా దిద్దితే ఒకటి పోతుంది" అన్నాడు. అప్పుడు వాడు చూపించినదే ఇక్కడ రాస్తున్నాను.

ఏ ప్రోగ్రామైనా ఫైలు తెరవాలంటే సొంతంగా తెరవలేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగాలి. అది ఫైలు తెరిచి ప్రోగ్రాము చేతికి ఒక నంబరు ఇస్తుంది. సున్నా, ఒకటి, రెండు మామూలుగా కీబోర్డుకీ, తెరకీ, తప్పుల సందేశాలకీ పోతాయి కాబట్టి, ప్రోగ్రాము తెరిచిన మొదటి ఫైలుకి సాధారణంగా మూడు వస్తుంది. ఎవరికి ఏ ఫైలు ఇచ్చిందో పద్దు దాని దగ్గర ఉంటుంది. లినక్సులో 'ప్రోక్' అనే ఫోల్డరులో, నడుస్తున్న ఒక్కొక్క ప్రోగ్రాముకీ ఒక ఫోల్డరు, అందులో అది పట్టుకున్న ఫైళ్లూ కనిపిస్తాయి. అవి డిస్కు మీద ఉన్న ఫోల్డర్లు కావు. మనం చూసినప్పుడు సిస్టమ్ అప్పటికప్పుడు తన పద్దు చదివి చూపిస్తుంది. ఆ ఫోల్డర్లన్నీ మనం వెతుక్కునే పని లేకుండా 'ఎల్ఎస్ఓఎఫ్' అనే ఆజ్ఞ ఉంది. ఫైలు పేరు ఇస్తే దాన్ని పట్టుకున్న ప్రోగ్రాము పేరూ నంబరూ చెబుతుంది. పెన్‌డ్రైవ్ మొత్తాన్ని ఎవరు పట్టుకున్నారో 'ఫ్యూజర్' చెబుతుంది. మన ప్రోగ్రాములే కాక అందరివీ చూడాలంటే ముందు 'సూడో' అని కొట్టాలి.

మావాడు సూడోతో ఆ ఆజ్ఞ కొట్టి నాన్న ఫైలు పేరు ఇచ్చాడు. ఏమీ రాలేదు. ఒక్క వరుస కూడా.

"అంటే?" అన్నాను.

"అంటే ఈ మెషీన్‌లో ఎవరూ పట్టుకోలేదమ్మా."

మరి నాన్న పేరు ఎక్కణ్ణించి వచ్చింది? వాడు దాచిన ఫైళ్లు కనిపించేలా పెట్టాడు. నాన్న ఫైలు పక్కనే చుక్కతో మొదలయ్యే పేరుతో ఇంకో చిన్న ఫైలు బయటపడింది. తెరిస్తే ఒకే వరుస, మధ్యమధ్య కామాలు. నాన్న పేరు, లాప్‌టాప్ పేరు, తేదీ, సమయం. లిబ్రే ఆఫీస్ పత్రం తెరిచినప్పుడు పక్కన ఇలా ఒక చీటీ పెడుతుందట, మూసేటప్పుడు తీసేస్తుందట. కరెంటు పోవడంతో తీసే వ్యవధి దానికి దొరకలేదు.

సిస్టమ్ పద్దు మెమరీలో ఉంటుంది. ప్రోగ్రాము ఎలా ఆగిపోయినా, దాని చేతిలోవన్నీ సిస్టమే వెనక్కి తీసుకుంటుంది. కరెంటు పోతే పద్దే ఉండదు. చీటీ అలా కాదు, అది డిస్కు మీద ఉన్న మామూలు ఫైలు. ఎవరో ఒకరు తీసేదాకా ఉంటుంది.

పద్దు ఉండగా చీటీ ఎందుకని అడిగాను. ఒక మెషీన్ పద్దు ఆ మెషీన్ వరకే, అన్నాడు. ఆఫీసుల్లో ఒకే ఫైలుని నలుగురు నాలుగు కంప్యూటర్ల నుంచి తెరుస్తారు. పక్క కంప్యూటర్లో ఎవరు తెరిచారో ఈ కంప్యూటర్ పద్దులో ఉండదు. అందుకే ఫైలు పక్కన పేరు రాసి పెట్టడం. ఆ పేరుగల మనిషి ఇంకా రాస్తున్నాడా, లేచి వెళ్లిపోయాడా అన్నది చీటీకి తెలీదు. తెలిసినవాళ్లు చెప్పాలి. అందుకే ప్రోగ్రాము దాన్ని తనంతట తాను చెరిపెయ్యకుండా మనల్ని అడుగుతుంది.

మావాడు అమ్మకి ఫోన్ చేశాడు. "అమ్మమ్మా, తాతయ్య లాప్‌టాప్ ఆన్‌లో ఉందా?" అంటే, "ఆ రోజు నుంచి దాని జోలికే పోలేదు నాన్నా, ప్లగ్గు కూడా పీకేశాను" అంది. ఇక అనుమానం లేదు.

చీటీ తీసెయ్యాలంటే మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు. సంగతంతా చెప్పి అమ్మనే అడిగాను. కాసేపు ఊరుకుని, "ఏడూ నలభైయేనా? అప్పుడు నేను దీపం వెలిగించుకుని వంటింట్లోకి వెళ్తున్నాను, ఎమర్జెన్సీ లైటు తెమ్మన్నారు" అంది. తర్వాత, "తీసెయ్యండి. పుస్తకం తొందరగా అచ్చు కావాలనే ఆయనకీ ఉండేది" అంది. తమ్ముడు ఆ చీటీని తన ఫోన్‌లోకి కాపీ చేసుకున్నాకే మావాడు దాన్ని తీశాడు. ఫైలు మామూలుగా తెరుచుకుంది.

మీ ఇళ్లలో విండోస్ ఉంటే ఇదే పని రిసోర్స్ మానిటర్‌లో చేయొచ్చు. సీపీయూ అన్నచోట హ్యాండిల్స్ వెతికే గడిలో ఫైలు పేరు కొడితే, పట్టుకున్న ప్రోగ్రాము కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లదే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అని ఇంకోటి ఉచితంగా దొరుకుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు సిస్టమ్‌ని నేరుగా అడగడానికి విస్టా కాలం నుంచి రీస్టార్ట్ మేనేజర్ ఉందట. ఎవరు పట్టుకున్నారో తెలిశాక ఆ ప్రోగ్రాముని మామూలుగా మూసి, తర్వాత పెన్‌డ్రైవ్ తీయండి. రాతలో ఉండగా లాగేస్తే ఫైలు పాడవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఏమైనా రాసుకుంటూ ఉంటే, వారానికోసారైనా ఇంకోచోట కాపీ పెట్టండి.

నాన్న పుస్తకం 112 పేజీలు వచ్చింది. చివరి పేజీలో మా ఊరి రేవు గురించి రాస్తూ ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది. చివరిసారి సేవ్ చేశాక ఆయన ఇంకేమైనా టైపు చేసి ఉంటే అది ఈ ఫైల్లోకి చేరలేదు. ఆ వాక్యం పూర్తి చేద్దామని తమ్ముడు, వద్దని నేను. ఇంకా తేలలేదు. అమ్మ మాత్రం, ఆ రేవు మెట్లు ఎన్నో తనకి తెలుసంటోంది.