పేరులో ఒదిగిన మనిషి

ఊళ్లకు, పేటలకు పేర్లు రెండు విధాలుగా వస్తాయి. కొన్నింటిని పెద్దలు నిర్ణయించి ఫలకాలపై రాయిస్తారు. కొన్నింటిని జనమే వాడుకలో స్థిరపరుస్తారు. హైదరాబాదు నగరానికి ఈశాన్యాన ఈ రెండు రకాల పేర్లూ ఇరుగుపొరుగున కనిపిస్తాయి.

1967లో అణుశక్తి శాఖ ఆధ్వర్యంలో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ అనే సంస్థ ఇక్కడ వెలిసింది. అంత పొడవైన పేరు పలికే తీరిక ఎవరికి ఉంటుంది? అది ‘ఈసీఐఎల్’గా కుదించుకుపోయింది. కర్మాగారం పేరు చౌరస్తాకు, అక్కడి నుండి చుట్టూ ఉన్న అంగళ్లకు, బస్సుల ఫలకాలకు పాకింది. కుషాయిగూడ, కాప్రా వంటి పాత పేర్లు పక్కనే ఉన్నా, జనం ‘ఈసీఐఎల్‌కు వెళ్తున్నాం’ అనే అంటారు. ఈ పేరు పెట్టడానికి ఏ సభా తీర్మానం చేయలేదు.

చెంతనే ఉన్న ఏఎస్ రావు నగర్ మాత్రం గౌరవంతో పెట్టిన పేరు. ‘ఏ’ అంటే అయ్యగారి, ‘ఎస్’ అంటే సాంబశివ. గోదావరి సీమలోని మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు కాశీలోనూ, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివారు. హోమీ భాభా వద్ద పనిచేసి, ఈసీఐఎల్ స్థాపనకు సారథ్యం వహించారు. 1972లో పద్మభూషణ్ పురస్కారం పొందారు. 2003లో కన్నుమూశారు. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రపు నమూనాను 1979లో రూపొందించినది ఆయన స్థాపించిన సంస్థే.

వాడుకలో పేరు పొట్టిదైనకొద్దీ అందులోని మనిషి మరుగున పడతాడు. నిత్యం ఆ పేరు పలికేవారిలో ఆ రావుగారెవరో ఎరిగినవారు ఎందరు? పొడి అక్షరాలను విప్పి పూర్తి పేరు తెలుసుకోవడం ఆ వీధుల్లో నడిచే ప్రతి విద్యార్థికీ సాధ్యమే.