చౌకబేరపు లెక్క



తక్కువ వెలకు మంచి వస్తువు దొరికినదని మీరెప్పుడైనను సంతోషించితిరా? నేను అనేకమారులు సంతోషించితిని. పల్లెసంఘపు కాపరికి పొదుపు అలవాటైపోవును. కానుకల సంచిలో పడిన ప్రతి రూపాయి ఏ కూలివాని చేతినుండి వచ్చినదో నాకు తెలియును. దానిలో సగము మిగిల్చితినేని ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టును. అయితే ఒకమారు అట్టి మిగులే నాకు గొప్ప సిగ్గు తెచ్చెను. ఆ సంగతి ఇంతవరకు ప్రసంగపీఠము మీదనుండి చెప్పలేదు. మీ యిండ్లలోను మీ మందిరములలోను ఇట్టి బేరములు జరుగుచుండును గనుక ఇప్పుడు మీతో చెప్పుచున్నాను.

2017వ సంవత్సరపు వేసవిలో మా మందిరమునకు రెండు ఫ్యాన్లు బిగింపవలసి వచ్చెను. కరెంటు పని నేర్చుకొనుచున్న మా సంఘపు చిన్నవాడొకడు తనకు కూలి అక్కరలేదనియు, పనిముట్లు మాత్రము తెచ్చిపెట్టుమనియు చెప్పెను. నేను వారపు సంతకు పోతిని. అక్కడ నేలమీద గోనెపట్టా పరచి ఒకడు ఇనుప సామాను అమ్ముచుండెను. కట్టింగు ప్లేయరు, స్క్రూడ్రైవరు, టెస్టరు, మూడును కలిపి 150 రూపాయలు. పట్టణములో ప్లేయరు ఒక్కదానికే అంతకు రెట్టింపు అడిగిరి. ఎఱ్ఱని ప్లాస్టిక్కు పిడులు చూచుటకు ముచ్చటగా నుండెను. బేరమాడి 130 రూపాయలకే తెచ్చి, ఆ సంగతి పెద్దలతో గర్వముగా చెప్పుకొంటిని.

చిన్నవాడు బల్ల యెక్కి, "మెయిను ఆపవలెనా అయ్యగారూ?" అని అడిగెను. సాయంకాలమాయెను, ఆ వెలుగులో స్త్రీలు పాటలు అభ్యసించుచుండిరి. "పిడికి ప్లాస్టిక్కు ఉన్నది కదా నాయనా, కానిమ్ము" అంటిని. అతడు తీగను పట్టి లాగినప్పుడు ఆ ఎఱ్ఱని తొడుగు ప్లేయరునుండి జారి అతని పిడికిలిలో మడతపడెను. అరచేయి ఇనుమునకు తగిలెను. బల్ల తలక్రిందులై అతడు క్రిందపడుటచేతనే బ్రదికెను. అరచేయి కాలెను. ముంజేతి ఎముక చిట్లెను. మేము చందా పోగుచేయకమునుపే అతని తల్లి తన రెండు మేకలను అమ్మి ఆసుపత్రికి డబ్బు కట్టెను. ఆమె నన్ను ఒక్క మాటయు అనలేదు. అనియుండిన బాగుండునని నేడును నాకు తోచును.

నేను ఇంటికి వచ్చి ఆ ప్లేయరును చేతబట్టుకొని చూచితిని. దానికేమియు కాలేదు. తొడుగును మరల ఎక్కించిన మునుపటివలెనే ఉండెను. నేను మిగిల్చితిననుకొన్న డబ్బును మరియొకరు తమ చేతితోను తమ మేకలతోను చెల్లించిరి.

ఆ చిన్నవాడు చేయి నయమైన తరువాత హైదరాబాదు చేరి రాయదుర్గములో పనికి కుదిరెను. అక్కడ ఆకాశమంటు మేడలలో ఇంటి సామాను బిగించు ఒక మేస్త్రీ క్రింద సహాయకుడాయెను. 2019వ సంవత్సరము డిసెంబరులో నేనతనిని చూడబోతిని. నాగోలునుండి వచ్చు మెట్రో రైలు రాయదుర్గము వరకు నడువ నారంభించి, అప్పటికి నెల దినములైనను నిండలేదు. నవంబరు 29న ఆ స్టేషను తెరచిరి. ఒకప్పుడు గుట్టలు, బండరాళ్లు ఉండిన చోట అద్దపు మేడలు లేచియుండుట చూచి, పల్లెటూరివాడనైన నేను కొంతసేపు నిలువబడిపోతిని.

అతడు తన కష్టము చెప్పెను. పనిముట్లన్నియు మేస్త్రీవి. ఒకటి పోయినను విరిగినను కూలిలో కోతపడును. స్వంత పనిముట్లు లేనివానికి స్వంత పని ఎవరిచ్చెదరు? రాజుల రెండవ గ్రంథములో యొర్దాను యొద్ద మ్రాను నరుకుచుండిన ప్రవక్తల శిష్యుడొకడు గొడ్డలి ఊడి నీటిలో పడినప్పుడు ఎందుకు అంగలార్చెనో మీరెరుగుదురు. ఆ గొడ్డలి ఎరువు తెచ్చినది. ఎలీషా ఆ ఇనుమును తేలజేసి అతని భయమును తీర్చెను. ఎరువు పనిముట్టుతో పనిచేయువాని గుండెలో ఆ భయము ఎల్లప్పుడును ఉండును.

చిన్నవాని యొద్ద కూడబెట్టిన 4,000 రూపాయలు ఉండెను. నన్ను దగ్గరలోనే యున్న ఐకియా అను పెద్ద అంగడికి తీసికొనిపోయెను. స్వీడను దేశపు ఆ సంస్థ మన దేశములో తెరచిన మొదటి దుకాణమిదియే. 2018 ఆగస్టు 9న ఆరంభమాయెను. సుమారు 4 లక్షల చదరపు అడుగుల కట్టడము. ఆరంభమున 7,500 రకముల వస్తువులుండగా, వాటిలో వెయ్యి రకములు 200 రూపాయలకు తక్కువే. ఇంత పెద్ద మేడలో ఇంత చిన్న ధరలా అని నేను అనుమానించితిని. సంతలో కాలినవాడు మేడను చూచినను జడియును.

కాని ఆ ధర ఎక్కడ తగ్గెనో కనుగొనవచ్చును. ఆ సంస్థను 1943లో స్థాపించిన ఇంగ్వార్ కాంప్రాడు అప్పటికి 17 ఏండ్ల పల్లెటూరి బాలుడు. చిన్నతనముననే అగ్గిపెట్టెలు మొత్తముగా కొని విడివిడిగా అమ్మినవాడు. అంగడి పేరులోని నాలుగు అక్షరములలో రెండు అతని పేరువి; తక్కిన రెండు అతడు పెరిగిన పొలమునకును అతని ఊరికిని చెందినవి. 1950ల నడుమ వారు బల్లల కాళ్లు ఊడదీసి, పలుచని పెట్టెలలో అమ్మనారంభించిరి. కాళ్లు ఊడిన బల్లలు ఒక బండిలో ఎక్కువ పట్టును. త్రోవలో తక్కువ విరుగును. బిగించు పని కొనినవానిది. అందుకే ఆరుపలకల వంకర కమ్మీ ఒకటి పెట్టెలోనే వచ్చును. ఇది న్యాయమైన చౌక. మన చెమట కొంత ఆ ధరలో కలిసియున్నది, మోసమేమియు లేదు.

సంతలోని చౌక అట్టిది కాదు. మన ఊరి కమ్మరి కొడవలిని ఎఱ్ఱగా కాల్చి, నీటిలో ముంచి, మరల మెల్లగా సెగ చూపును. ముంచుటచే ఉక్కు గట్టిపడును. సెగచే పెళుసుదనము పోవును. మన నిజామాబాదు సీమలోని కోనసముద్రపు ఉక్కుకొరకు పూర్వము పారశీక వర్తకులు వచ్చిరి గనుక, ఈ విద్య మనకు క్రొత్త కాదు. బొగ్గును సమయమును మిగుల్చుకొనుటకై ఈ పని మానివేసి, పైన మెరుగు పూసి అమ్మినయెడల, కొనినవాని కన్నులకు ఏమియు తెలియదు. అక్కడ తగ్గినది ఉక్కులోని బలమే.

ఆ అంగడిలో ఇంటివారి కొరకైన చిన్న పనిముట్ల పెట్టె ఒకటి కొన్ని వందల రూపాయలకు ఉండెను. సుత్తి, బిగించుటకును వదులు చేయుటకును వీలైన పానా, స్క్రూడ్రైవరు మొదలైనవి అందులో ఉండెను. నేను పశ్చాత్తాపము చేత రెండవ అంచుకు పోయి, "వద్దు నాయనా, అన్నియు ఖరీదైనవే కొనుము, తక్కువపడిన సొమ్ము నేను అప్పుచేసి యిత్తును" అంటిని. అతడు నవ్వి, తనకు కావలసిన వస్తువులను కాగితము మీద రెండు వరుసలుగా వ్రాసెను. మొదటి వరుసను చూపి మా పాలమూరు మాటలోనే ఇట్లనెను: "అయ్యగారూ, ఇవి ఇరిగితే నా పైసలు పోతయి." రెండవ వరుసను చూపి, "ఇవి ఇరిగితే నేనే పోత" అనెను.

చదువరులారా, నేను దైవశాస్త్ర కళాశాలలో నాలుగేండ్లు చదివితిని. ఈ లెక్క అక్కడ నేర్వలేదు. కాలిన చేయి దానిని నేర్చుకొని నాకు నేర్పెను.

మొదటి వరుసలోనివి ఆ చిన్న పెట్టెలోనే దొరికెను. రెండవ వరుసలో కరెంటు ప్లేయరు, టెస్టరు, మడత నిచ్చెన ఉండెను. వాటికొరకు మరునాడు మెట్రో ఎక్కి సికింద్రాబాదులోని రాణీగంజు ఇనుప సామాను బజారుకు పోతిమి. ప్లేయరు పిడి మీద జంట త్రిభుజముల గుర్తును 1000 వోల్టుల అంకెయు ఉన్నవో లేవో చూచి కొంటిమి. ఆ గుర్తు లేని తొడుగు చేతి పట్టుకొరకే గాని కరెంటును ఆపుటకు కాదు. ఆ గుర్తున్నను మెయిను ఆపియే పని చేయవలెను. ఈ మాట వ్రాయుచున్నప్పుడు నా చేయి వణకుచున్నది.

మీరు కొనునప్పుడు ఇట్లు పరీక్షించుడి. ప్లేయరు నోరు మూసి వెలుతురుకు ఎత్తి చూడుడి. కోయు అంచుల నడుమ వెలుగు కనబడిన అది తీగను కోయదు, నలుపును. సుత్తి పిడిని పట్టి విదిలించుడి. తల కదలినయెడల విడిచిపెట్టుడి. పానా దవడలను ప్రక్కలకు ఊపుడి. ఎక్కువ ఆట ఉన్నయెడల అది బోల్టు మూలలను గుండ్రముగా చేయును. కొనిన తరువాత ఉలి అంచున మరుగు చోట ఆకురాయితో మెల్లగా గీయుడి; ఆకురాయి జారిన ఉక్కు గట్టిది, సులువుగా కొరికిన మెత్తనిది. మెత్తనిదైనను పారవేయ నక్కరలేదు. రంగు డబ్బా మూత తెరచుటకు అది చాలును.

ఆ చిన్న పెట్టెతోనే అతడు కొన్ని నెలలలో స్వంత పని పట్టెను. ఇంటి వాడకమునకు చేసిన వాటిని దినమెల్ల వాడెను గనుక, ఒకటి రెండు అరిగెను. అరిగినవే తనకు ఎక్కువ అవసరమైనవని గ్రహించి, వాటి స్థానమున సంపాదించిన డబ్బుతోనే మేలైనవి కొనెను. అప్పు చేయలేదు. నా మాట వినియుండిన అప్పుతో మొదలుపెట్టి, ఎన్నడును ముట్టని పనిముట్లకు వడ్డీ కట్టియుండును.

అదే రాయదుర్గములో 2023 మార్చి 2న టీ-వర్క్స్ అను కార్యశాల ఆరంభమాయెను. నమూనా వస్తువులు చేయువారు ఖరీదైన యంత్రములను తాము కొనకయే అక్కడ వాడుకొనవచ్చును. ఒక్కడు కొనలేనిదానిని పదిమంది కలిసి వాడుకొనుట మన పల్లెలకును తగినదే. మా సంఘము ఇప్పుడు మంచి నిచ్చెన ఒకటి, ఆ గుర్తుగల ప్లేయరు ఒకటి, డ్రిల్లు మిషను ఒకటి కొని మందిరపు బీరువాలో ఉంచినది. కావలసినవారు పుస్తకములో వ్రాసి తీసికొనిపోవుదురు. సుత్తి, మేకులు, స్క్రూడ్రైవరు ఎవరివి వారు ఎంత చౌకగానైనను కొనుక్కొందురు.

కాబట్టి చౌకగా కొనుటకు సిగ్గుపడకుడి. బీదవాడు ఆ త్రోవనే పని మొదలుపెట్టగలడు. అయితే డబ్బు చెల్లించుటకు ముందు ఒక్క ప్రశ్న అడుగుడి: ఇది విరిగిననాడు ఎవరు చెల్లింతురు? నా సంచియే అయిన సంతోషముగా కొందును. పొరుగువాని దేహమైన పక్షమున అది ఎంత చౌకైనను నా తాహతుకు మించినదే.

గడచిన క్రిస్మసుకు అతడు ఊరికి వచ్చి మందిరపు పాత ఫ్యానొకటి మార్చెను. బల్ల యెక్కకమునుపు నావైపు చూచెను. నేను ఆ చూపునకే లేచి పోయి మెయిను ఆపితిని. స్త్రీలు చీకటిలోనే పాడిరి. అతని తల్లియు వారితో కూర్చుండి పాడుచుండెను.