పాత తాళంచెవి

అద్దెకున్నవారు ఖాళీ చేసి వెళ్లగానే మా పాతబస్తీలో ఇంటి యజమానులు చాలామంది తలుపు తాళం మార్చివేస్తారు. వెళ్లినవారిమీద అనుమానం ఉండనక్కరలేదు. వారి చేతిలోని చెవికి ఎన్ని నకళ్లు పుట్టాయో ఎవరికి తెలుసు? ఆకురాయి పట్టి క్షణాల్లో తాళంచెవి చేసి ఇచ్చే నేర్పరులు వీధివీధినా ఉన్నారు. అలా తీసివేసిన తాళాన్నే నాలుగు నెలల తరువాత తెచ్చి బిగిస్తే మార్చిన శ్రమంతా వృథా.

కంప్యూటరు మన పాత పాస్‌వర్డును నిరాకరించడంలోని తర్కం ఇదే. ఈ భావన ప్రాచీనమైనదే. భారతయుద్ధారంభంలో తమవారిని గుర్తించడానికి సంజ్ఞలు ఏర్పరచుకున్నట్లు వ్యాసభారతంలోని భీష్మపర్వం చెబుతుంది. రోమను సైన్యంలో ఆ రాత్రి సంకేతపదాన్ని చెక్కపలకపై రాసి కావలివారికి అందించేవారని గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ వర్ణించాడు. నిన్నటి మాట పలికినవాడు శత్రువు కావచ్చు, మతిమరుపు మిత్రుడూ కావచ్చు. చీకటిలో నిలిచిన కావలివాడికి ఆ భేదం తెలియదు.

మా కళాశాలలో మార్కులు నమోదుచేసే కంప్యూటరూ అటువంటి కావలివాడే. మూడు నెలలకొకసారి పాస్‌వర్డు మార్చమంటుంది. పాతది ఇస్తే ఒప్పుకోదు. "దీనికింత జ్ఞాపకశక్తి ఎందుకండీ?" అని మా ఉర్దూ అధ్యాపకులు విసుక్కుంటారు. నిజానికి సక్రమంగా నిర్మించిన వ్యవస్థ పాస్‌వర్డును దాచుకోదు. దానిని గణితమనే తిరగలిలో పోసి, వచ్చిన పిండిని మాత్రమే భద్రపరుస్తుంది. పిండినుండి గింజను తిరిగి పొందలేము. కాని అదే గింజను మళ్లీ పోస్తే అదే పిండి వస్తుంది. అప్పుడు దొంగతనం పట్టుబడుతుంది. విండోస్ వ్యవస్థలో ఇలా 24 పాత పాస్‌వర్డులవరకు గుర్తుంచుకొనే ఏర్పాటు ఉంది. చతురులు ఒకే పూట వరుసగా అన్నిసార్లూ మార్చి, మొదటిదానికే చేరుకోగలరు! అందుకే ఒకసారి మార్చాక కొంతకాలం మళ్లీ మార్చనీయని నియమం కూడా చేర్చారు.

అయినా మనిషి యంత్రానికి లొంగుతాడా? పాత మాటకే చివర ఒకటి, రెండు అంకెలు తగిలిస్తాడు. గింజ ఏమాత్రం మారినా పిండి పూర్తిగా మారిపోతుంది కనుక భద్రపరచిన పిండిలో ఆ పోలిక కనిపించదు. పాత మాట తెలిసిన మనిషికి మాత్రం ఇట్టే స్ఫురిస్తుంది. 2010లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత పాస్‌వర్డు తెలిస్తే సుమారు 17 శాతం ఖాతాలలో కొత్తదానిని ఐదు ప్రయత్నాలలోపే ఊహించవచ్చని తేల్చారు.

విద్యార్థులారా, ఆ తలుపు వెనుక ఉన్నవి మా వస్తువులు కావు, మీ మార్కులు. అందుచేత పాతదానిని నిషేధించడం న్యాయమే; గడువు పెట్టి తరచుగా మార్పించడమే నాకు నచ్చదు. 2017లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టి కూడా ఊరక గడువులు పెట్టవద్దనీ, బయటపడిందన్న ఆధారం ఉన్నప్పుడు తప్పక మార్పించాలనీ, కొత్తదానిని లోగడ వెల్లడైన పాస్‌వర్డుల పట్టికతో పోల్చి చూడాలనీ సూచించింది. మా కళాశాల కంప్యూటరుకు ఆ కబురు ఇంకా చేరినట్లు లేదు.