బీడీ పోయి ఖైనీ వచ్చె

జంషెడ్‌పూర్‌లో పొగ మానేశానని ఎవరైనా చెబితే నేను వెంటనే మెచ్చుకోను. కింది పెదవి వంక చూస్తాను. అక్కడ ఉబ్బు కనిపిస్తే బీడీ వదిలి ఖైనీ పట్టాడన్నమాట. కద్మాలో మందుల షాపు నడుపుతున్నాను, ఇది నాకు రోజూ ఉండేదే. 2016-17 జాతీయ సర్వే ప్రకారం జార్ఖండ్ పెద్దల్లో పొగ తాగేవాళ్లు 11 శాతమైతే, పొగలేని పొగాకు వాడేవాళ్లు 35 శాతం. ఖైనీ అంటే అలాంటి పొగాకే. దాన్ని అరచేతిలో సున్నంతో నలిపి, చరిచి దుమ్ము దులిపి, పక్కవాడికీ ఓ చిటికెడు పెడతారు. అలా పంచుకునేదాన్ని వ్యసనమని ఎవరనుకుంటారు? ఊపిరితిత్తులకు పొగ తగలదు, నిజమే. నోటి క్యాన్సర్ మాత్రం ఆ పెదవి దగ్గరే కాచుకొని ఉంటుంది.

ఒక్కసారిగా మానలేనివాళ్లకు నేను చెప్పేది నికోటిన్ గమ్. 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండా ఇస్తాం, 4 మిల్లీగ్రాములదానికి డాక్టరు చీటీ కావాలి. అమ్మడం తేలికే, నమలడం నేర్పడమే కష్టం. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక పెద్దాయన బి షిఫ్టుకు వెళ్తూ ఆగాడు. ఒక చేతిలో టీ గ్లాసు, నోట్లో గమ్.

"ఏటి బాబూ, గొంతు మండిపోతంది, ఎక్కిళ్లొస్తన్నాయి."

"బాబాయ్, అది పిల్లల బబుల్‌గమ్ కాదు. కారంగా తగలగానే నమలడం ఆపి బుగ్గలో పెట్టుకో. కారం తగ్గాక మళ్లీ నములు. అరగంట అలాగే. టీ తాగాక పావుగంట ఆగి వేసుకో."

ఉమ్ము మింగేస్తే నికోటిన్ కడుపులోకి పోతుంది, పనిచెయ్యదు. బుగ్గలోంచే రక్తంలో కలవాలి. ఈ ఒక్క ముక్క చెప్పకపోతే రెండోరోజే గమ్ పారేసి బీడీ వెలిగిస్తారు.

"రోజుకు రెండే కాలుస్తున్నా" అనేవాళ్లూ ఉన్నారు. రోజుకు ఒక్క సిగరెట్ కాల్చినా, ఇరవై కాల్చేవాడికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో బ్రిటిష్ పరిశోధకులు తేల్చారు. కుర్రాళ్లు గొంతు తగ్గించి ఈ-సిగరెట్ అడుగుతారు. బ్రిటన్‌లో పొగ మానడానికి దాన్ని డాక్టర్లే సూచిస్తారు, మన దేశంలో 2019 నుంచి నిషేధం. బీడీకి లేని నిషేధం దానికెందుకో నాకైతే అంతుపట్టదు!

గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు గమ్‌కైనా ముందు డాక్టరును అడగండి. మిగతావాళ్లు బీడీ బదులు ఖైనీ డబ్బా కొనేముందు 1800-11-2356కు ఫోన్ చెయ్యండి. అది జాతీయ పొగాకు విముక్తి సహాయవాణి, డబ్బులేమీ పడవు.