పంక్తిభేదము

పండుగనాడు దేశనాయకులు బహిరంగముగా శుభాకాంక్షలు తెలుపవచ్చునా యను చర్చ మన యిండ్లలో గూడ జరుగుచున్నది. 1951వ సంవత్సరము మే నెలలో సోమనాథాలయ ప్రతిష్ఠకు రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు వెళ్లనెంచగా, లౌకికరాజ్యమున కది తగదని ప్రధాని నెహ్రూగారు వారించిరి. రాజేంద్రప్రసాదుగారు వెళ్లిరి. మసీదునకో చర్చికో పిలిచినను అట్లే వెళ్లుదునని వారు పలికినట్లు కె. ఎం. మున్షీగారు వ్రాసియున్నారు.

సోదరీమణులారా! నాయకుడు మౌనము వహింప నక్కఱలేదని మా తలంపు. ప్రజల సంతోషమును పలుకరింపనివాడు నాయకు డెట్లగును? కాని వడ్డించు చేయి యొక్క విస్తరినైనను దాటిపోరాదు. పంక్తిభేదము పాపమని పెద్దలందురు. సంక్రాంతికి విప్పిన నోరు రంజానుకును, క్రిస్మసుకును మూతవడినచో నది శుభాకాంక్ష గాదు, ఓట్ల లెక్క.

ఈ మాట వ్రాయుచుండగా మా తప్పే మాకు జ్ఞప్తికి వచ్చినది. నిరుడు సంక్రాంతికి బొమ్మలకొలువు పేరంటమునకు వీధివారి నందఱను బిలిచి, ప్రక్కయింటి ముసల్మాను సోదరిని మాత్రము, రాదేమో యని మేమే తలచి, పిలువమైతిమి. రంజానునాడు ఆమె పంపిన సేమ్యాపాయసపు గిన్నె మా గుమ్మమునకు వచ్చినది. తలవంచుకొనియే యందుకొంటిమి. ఈ యేడు మొదట పిలిచినది ఆ యింటినే. నాయకులను దిద్దుటకు ముందు మన పంక్తిని మనము దిద్దుకొందము.