మదరాసు–హైదరాబాదు: గంట దూరమా, రాత్రంతా దూరమా?

మదరాసు మీనంబాకం నుంచి హైదరాబాదుకి ఆకాశమార్గాన దాదాపు 520 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకి 800 కిలోమీటర్ల వేగంతో పోతుంది కదా, నలభై నిమిషాల్లో దిగిపోవచ్చుగా అంటారా? అక్కడే ఉంది తిరకాసు! పైకెక్కేటప్పుడూ, కిందికి దిగేటప్పుడూ అంత వేగం ఉండదు. అందుకే గంట పైచిలుకు పడుతుంది.

అదే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ అయితే నెల్లూరు, విజయవాడ, వరంగల్లు చుట్టుకుని వెళ్ళేది. సుమారు 790 కిలోమీటర్లు. రాత్రంతా ప్రయాణమే!

1970ల మధ్యలో అక్కినేని వారు హైదరాబాదులో అన్నపూర్ణా స్టూడియోస్ కట్టారు. తెలుగు సినిమా మెల్లమెల్లగా మకాం మార్చసాగింది. హీరోగారు పొద్దున మదరాసులో కాఫీ తాగి, మధ్యాహ్నానికి హైదరాబాదులో మేకప్ వేసుకోవచ్చు. బేగంపేట విమానాశ్రయం ఊళ్ళోనే ఉండేది మరి! విమానం టిక్కెట్టు కొనలేని లైట్‌బాయ్ మాటేమిటి? ఒక్కరోజు షూటింగుకి రెండు రాత్రులు రైల్లోనే. ఎన్నాళ్ళని తిరుగుతాడు? కోడంబాకంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, పిల్లల బడి మార్పించి హైదరాబాదు చేరాలి. లేదా పని తగ్గిపోయిన మదరాసులోనే ఉండిపోవాలి.

2008 మార్చిలో విమానాలు శంషాబాదుకి మారాయి. గాల్లో గడిపే సమయం ఇంచుమించు అంతే. ఊళ్ళోకి చేరడానికే ఇప్పుడు ఎక్కువసేపు!

ఈసారి మీ అభిమాన తార "గంటలో వచ్చి వాలాను" అంటే సంతోషించండి. ఆ ముఖాన వెలుగు పట్టిన మనిషి ఎన్ని గంటలు ప్రయాణించి వచ్చాడో, అదీ కాస్త లెక్కవేయండి.